మూడుసార్లు నిండిన గీత

జిల్లా పేజీలో ఆమె ఫొటో అగ్గిపెట్టె అంత వేశారు. కింద నాలుగు వరుసలు. ఎందరో విద్యార్థులకు కంప్యూటర్ విద్య అందించిన ఆమె మృతికి పలువురు సంతాపం తెలిపారు అని ఉంది. శుద్ధ అబద్ధం. ఆమె ఎవరికీ ఏ విద్యా అందించలేదు. నేర్పమని వచ్చినవాళ్లను గుమ్మంలోనే తిట్టి పంపేది. "నాకు వచ్చిందే సగం. దాంట్ల సగం నీకిస్తె పావు అయితది. పావు పనితోని ఏం జేస్తవు?" అనేది. చచ్చిపోయిన మనిషి గురించి నాలుగు వరుసలు రాయడానికి కూడా ఏ విలేకరీ లేచి వెళ్లి అడగడు. పోయినవారం పోయిన పంతులు వార్తలో పేరు మార్చి పంపుతాడు.

అదే పేజీలో, ఆమె ఫొటోకు జానెడు దూరంలో, కొత్త రాష్ట్రం వచ్చినందుకు శుభాకాంక్షలు చెబుతూ పావు పేజీ ప్రకటన. మెడలో కండువా వేసుకొని, చేతులు జోడించి, పళ్లు బయటపెట్టిన ఆ మనిషిని నేను ఎరుగుదును. మట్టి కాంట్రాక్టరు. బొగ్గు పైనున్న మట్టిని తవ్వి ఎత్తి పోసే పని వాడిది. వాడి పేరు రాయను, రాస్తే నా కలం కడుక్కోవాలి. ఆమె పేరు కూడా రాయను. బతికి ఉన్నప్పుడు షాపు బోర్డు మీదే రాయించుకోని మనిషి, నేనెవరిని రాయడానికి.

ఎప్పుడూ తిన్నాక పేపరు పరిచి దాని మీద ఆకులు, ఎముకలు తీసి వేయడం మా ఇంట్లో అలవాటు. ఆ రోజు పేజీ చింపి ఆమె ఫొటో ఒక పక్క, వాడి ఫొటో ఒక పక్క చేశాను. వాడి ముక్క ఆ పనికి వాడాను.

ఆమె షాపు గోదావరిఖని చౌరస్తా నుంచి మార్కెట్ వైపు పోయే సందులో ఉండేది. టైలర్ షాపు వెనక గది. టైలరు మిషను దాటి, వేలాడే జాకెట్ల కింద తల వంచి లోపలికి పోవాలి. బోర్డు మీద జిరాక్స్, లామినేషన్, ఇంటర్నెట్ అని మూడే మాటలు. ఆమెది మంథని. తాతలు గుడిలో, తండ్రి బడిలో. అందుకని మావాళ్లు ఆమెను పంతులమ్మ అనేవారు, ఆమె ఏ బడిలోనూ చెప్పకపోయినా.

నేను మొదటిసారి పోయినప్పుడు ఆమె సైకిల్ పంపుతో కంప్యూటరుకు గాలి కొడుతోంది. డబ్బా మూత విప్పి, గొట్టం లోపల పెట్టి, పంపు అడుగు కాలితో తొక్కిపట్టి, చీర కొంగు నడుముకు చుట్టి, రెండు చేతులా కొడుతోంది. నల్లటి దుమ్ము పొగలాగ లేచింది.

"జెర అవుతల నిలవడు కాకా, నీ అంగి ఖరాబైతది" అంది.

ముప్ఫై ఏళ్లు బొగ్గు బాయిలోకి దిగినవాణ్ని. బొగ్గు దుమ్ముతో నా అంగీ ఖరాబవుతుందని నాకు చెప్పిన మొదటి మనిషి ఆమే.

మా ఊళ్లో బొగ్గు దుమ్ము పడని చోటు లేదు. అన్నం గిన్నె మూత మీద, దండెం మీద, దేవుడి పటం మీద. సీడీల మీద కూడా. ఆమె వాటికి కుంకుడుకాయ రసంతో తలంటేది. మెత్తని పాత చీర ముక్కతో నడిమి నుంచి అంచుకు తుడిచి, ఎండ తగలకుండా ఆరబెట్టేది. గుండ్రంగా తుడిచేవాళ్లను చూస్తే ఆమెకు ఒళ్లు మండేది. "గిర్రున తిప్పుడేంది, అది ఇసుర్రాయా?" అనేది.

నీళ్లు ఇంటి నుంచి చెంబులో తెచ్చుకునేది. ఎవరు చాయ్ తెప్పించినా తాగేది కాదు. నాకు కోపం వచ్చింది. కులం సంగతి నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఎవరు ఎక్కడ గ్లాసు పక్కకు పెట్టారో ఇప్పటికీ పేర్లతో సహా చెప్పగలను. ఒకసారి అడిగేశాను. "మేం ముట్టిన చాయ్ తాగవా బిడ్డా?" ఆమె తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "చాయ్ తాగితె నా చెయ్యి వణుకుతది కాకా. వణికే చేత్తోని ఒక్క అక్షరం అటిటు పడితె నీ ఫైలు పాయె." నమ్మానా అంటే, సగం నమ్మాను. మురికి మోరీలో పడ్డ సీడీని మాత్రం ఆమె చేత్తోనే తీసి కడగడం చూశాను. అందుకని మిగతా సగం గురించి మళ్లీ అడగలేదు.

ఆమెకు కోపం వస్తే అరిచేది కాదు. తెర ఆపేసేది. చెంబులో గుడ్డ తడిపి వేళ్లు తుడుచుకునేది, ఒక్కొక్కటే, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా. ఆ గుడ్డ తీసిందంటే ఎదుటివాడు లేచి పోవాల్సిందే. ఒక ఫొటో స్టూడియోవాడు పెళ్లి ఆల్బం సీడీ పట్టుకొచ్చి, అందులో వేరే స్టూడియో పేరు తీసి తన పేరు పెట్టమన్నాడు. రేటు ఎంతైనా ఇస్తానన్నాడు. ఆమె తెర ఆపి గుడ్డ తడిపింది. అయిదు వేళ్లూ తుడిచేసరికి వాడు జాకెట్ల కింద నుంచి బయటికి పోయాడు.

ఆ రోజుల్లో కదిలే బొమ్మ అంటే ఫ్లాషే. పెళ్లి ఆల్బంలు, ఎంసెట్ సీడీలు, పిల్లల పాఠాలు, దేవుడి మీద పూలు రాలే గ్రీటింగులు, అన్నీ ఆ ఫైళ్లలోనే వచ్చేవి. తెచ్చిన వాటిలో చాలా తెరుచుకునేవి కావు. తెరుచుకోని ఫైలు పట్టుకొని ఖని నుంచి, మంచిర్యాల నుంచి, శ్రీరాంపూర్ నుంచి కూడా ఆమె దగ్గరికే వచ్చేవారు.

"పంతులమ్మా, ఇది తెరుసుకుంటలేదు."

"ఏం కనవడుతున్నది?"

"ఏం కనవడుతలేదు."

"ఏం కనవడకపోవుడు అంటె నల్లగనా, తెల్లగనా?"

వచ్చినవాడు చేతిలో సీడీని తిరగేసి చూసేవాడు.

"తెరుసుకోకపోవుడు వేరు, లేకపోవుడు వేరు. ముందుగాల గది ఏదో చూసుకొని రా."

ఆమె పని చేసే తీరు నాకు నచ్చేది. మొదలు సీడీని నకలు తీసేది. అసలును కాగితం కవరులో పెట్టి, గోందుతో అంటించి, అతుకు మీద తెచ్చినవాడి సంతకం తీసుకునేది. "అసలును ముట్టద్దు. కోసేది, కుట్టేది నకలునే." తరవాత ఫైలు మొదటి మూడక్షరాలు చూసేది. మొదటిది సీ అయితే లోపలి సరుకు కుదించి ఉన్నట్టు, ఎఫ్ అయితే విప్పి ఉన్నట్టు. ఆ అక్షరాల వెనకే ఒక లెక్క ఉంటుంది. పూర్తిగా విప్పితే నా పొడవు ఇంత అని ఫైలు తనే చెప్పుకుంటుంది. ఆమె కుదింపు విప్పి, చెప్పుకున్న పొడవెంత, ఉన్న పొడవెంత అని సరిచూసేది. బాయి మీది ల్యాంపు రూములో మేం నంబరు బిళ్ళలు అప్పజెప్పినట్టే. ఎంతమంది దిగారు, ఎంతమంది ఎక్కారు. తేడా వస్తే ఎవరో లోపలే ఉన్నారన్నమాట.

ఒక కోచింగ్ సెంటర్ సారు ఎక్కడో ఈ మూడక్షరాల సంగతి చదివాడు. తెరుచుకోని ఫైలులో సీ కొట్టేసి ఎఫ్ పెట్టి, ఇప్పుడూ తెరుచుకోవడం లేదని తెచ్చాడు. ఆమె కుర్చీ అతని వైపు తిప్పింది.

"సారూ, మూతి కుట్టిన బస్తా మీద 'విప్పిన బస్తా' అని రాస్తె బియ్యం బయటికి వస్తయా?"

టైలరు మిషను ఆపి నవ్వాడు. సారు కూడా నవ్వక తప్పలేదు.

ఇక విప్పిన తర్వాతి పని ఇంకోటి ఉండేది. ఫైలును ముక్కలుగా విడగొట్టడం. ఏ బొమ్మ ఎక్కడుంది, ఏ శబ్దం ఎప్పుడు రావాలి, ఏది అయ్యాక ఏది నడవాలి అని తయారుచేసినవాడు రాసిన ఆజ్ఞలన్నీ బయటికి వచ్చేవి. "గోడ గడియారం విప్పినట్టు కాకా. ముల్లు తిరుగుతున్నదని అందరు చూస్తరు. ఎవడు తిప్పుతున్నడో విప్పినంకనే ఎరుక" అనేది.

నా సంగతి కొంచెం చెప్పక తప్పదు. నేను బడికి పోలేదు. బాయి గోడల మీద తెల్ల సున్నంతో రాసిన హెచ్చరికలు చూసి అక్షరాలు పట్టుకున్నాను, యూనియన్ ఆఫీసు పేపర్లతో చదువు పూర్తి చేసుకున్నాను. నా పేరు నేను రాసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. అందుకే సంతకం అంటే నాకు భక్తి. మోకాళ్లు పోయి బాయి పని మానుకున్నాక, కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గనిలో ఆ మట్టి కాంట్రాక్టరు దగ్గర చేరాను. రేకుల షెడ్డులో ఒక కంప్యూటరు, నాలుగు బెంచీలు. కొత్తగా వచ్చే డంపర్ లారీల డ్రైవర్లకు, హెల్పర్లకు అయిదు పాఠాలు చూపించి రిజిస్టరులో సంతకాలు పెట్టించడం నా పని. పాఠాలు పట్నంలో ఎవరో చేసి ఇచ్చిన ఫ్లాష్ ఫైళ్లు. టోపీ, బూట్ల పాఠం ఒకటి. సైగల పాఠం రెండు. తవ్విన మట్టిని ఎత్తు కట్ట అంచు మీద పోసే పాఠం మూడు. మంటలు నాలుగు, దెబ్బ తగిలితే ఏం చేయాలన్నది అయిదు.

మిగతా నాలుగూ నడిచేవి. మూడోది మాత్రం నడిచేది కాదు. తెల్లటి తెర, నడుమ కాంట్రాక్టరు గుర్తు, కింద "పాఠం వస్తున్నది" అనే అక్షరాలు, దాని కింద ఎడమ నుంచి కుడికి నిండే నీలం గీత. గీత నిండేది. మళ్లీ ఖాళీ అయ్యేది. మళ్లీ నిండేది.

సైటు మేనేజరుకు చెప్పాను. "ఫైలు తెరుసుకుంటలేదు కాకా, సతాయిస్తున్నది. మూడుసార్లు నిండనియ్యి, సంతకం వెట్టించు" అన్నాడు.

"నేను నోటితోనన్న చెప్పనా సారూ?"

"నువ్వు భూమి లోపటి మనిషివి. కట్ట మీద సంగతి నీకేం ఎరుక? టైం ఖరాబు చెయ్యకు."

అలా ఆ షెడ్డులో ఒక ఆచారం పుట్టింది. గీత మూడుసార్లు నిండితే మూడో పాఠం అయినట్టు. కొత్త డ్రైవర్లు అడిగేవారు, "కాకా, ఏం వస్తలేదేంది?" అని. "ఈ పాఠం గిట్లనే ఉంటది, మూడుసార్లు చూడుండ్రి" అని నేను చెప్పేవాణ్ని. వాళ్లు బుద్ధిగా చూసేవారు. పెద్దమనిషి చెప్పాడు కదా. కొందరు గీత నిండుతుంటే వేళ్లు మడిచి లెక్కపెట్టేవారు. ఇప్పుడు తలచుకుంటే నా నోట్లో ఉమ్మి చేదవుతుంది. సున్నం అక్షరాలు చూసి చదువు నేర్చిన వెధవను, తెల్ల తెరను పాఠమని చెప్పి సంతకాలు పెట్టించాను.

వానకాలంలో ఒక డంపరు కట్ట అంచు మీదికి వెనక్కి పోతూ, నానిన మట్టి జారి, కిందికి బోర్లపడింది. డ్రైవరు పోయాడు. వెనక నిలబడి సైగ చేయాల్సిన మనిషిని ఆ రోజు వేరే పనికి పంపారు. సైగ మనిషి లేకుండా అంచుకు పోకూడదన్నదే మూడో పాఠంలో చెప్పాల్సింది అని నాకు తర్వాత తెలిసింది. మేనేజరు రాసిన కాగితంలో ఒక్క మాట ఉంది: నిర్లక్ష్యం. శిక్షణ పొందాడు, సంతకం ఉంది, అయినా పాటించలేదు. తప్పు అతనిదే.

అతని భార్య పక్క ఊరి పిల్ల. దినాలు అయిన తెల్లారి షెడ్డుకు వచ్చింది. ఏడుస్తుందని, తిడుతుందని అనుకున్నాను. ఏదీ చేయలేదు.

"కాకా, నీ ముంగట్నే సంతకం వెట్టిండట గదా. ఆ పాఠం నాకొక్కసారి చూపెట్టు."

"ఎందుకు బిడ్డా?"

"మావోడు ఇంట్ల లాంతరు గూడ అంచుకు పెట్టనియ్యడు. గసొంటోడు ఏది ఇనలేదో నేను చూడాలె. ఇనలేదు అంటె ఇనలేదు అనుకుంట. చూడకుంట ఎట్ల ఒప్పుకుందు?"

ఆమెకు నేను గీత చూపించలేకపోయాను. కరెంటు లేదని చెప్పాను. సాయంత్రం సీడీని అంగీ లోపల పెట్టుకొని గోదావరిఖని పోయాను.

పంతులమ్మ సీడీకి తలంటింది. నకలు తీసింది. అసలును కవరులో పెట్టి, అతుకు మీద నాతో సంతకం పెట్టించింది. మూడక్షరాలు చూసింది. "సీ" అంది. కుదింపు విప్పింది. చెప్పుకున్న పొడవు, ఉన్న పొడవు సరిపోయాయి.

"ఇది చెడిపోలే కాకా. నిమ్మళంగున్నది."

"మరి తెరుసుకుంటలేదేంది?"

"ఆగు."

విడగొట్టడం మొదలుపెట్టింది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. టైలరు మిషను చప్పుడు ఆగింది, మళ్లీ మొదలైంది. ఆమె ఒక కాగితం మీద వచ్చినవి వచ్చినట్టు రాస్తోంది. కాంట్రాక్టరు గుర్తు ఒకటి. తెల్ల పరదా ఒకటి. రెండు మాటల అక్షరాలు. నీలం గీత. గీత చివరికి చేరితే మొదటికి పొమ్మనే ఆజ్ఞ. అంతే. డంపరు లేదు. కట్ట లేదు. సైగ చేసే మనిషి లేడు.

"ఇంక లోపట ఏమన్న ఇరికిందేమో చూడు బిడ్డా."

"లోపట ఒక్కటున్నది. చూడు."

తెల్ల పరదాను పక్కకు జరిపింది. దాని వెనక ఒక జలపాతం ఫొటో. పెద్దది. ఎక్కడిదో తెలియదు. నురగలు, చెట్లు, ఇంద్రధనుస్సు.

"గిది దేనికి?"

"బరువుకు. మిగిలిన నాలుగు ఫైళ్ల బరువు జూసినవా? దీన్ని గూడ వాటంత చేసిండ్రు. చూసేటోడు కనుక్కోకుంట." తెర మీద వేలు పెట్టి అంది, "గీత మొదలయ్యే చోటుకు ఒక పేరు వెట్టిండు. తుడుసుడు మర్చిపోయిండు. డమ్మీ అని."

ముప్ఫై ఏళ్లలో ఎన్నో దొంగతనాలు చూశాను. బియ్యంలో రాళ్లు, సిమెంటులో బూడిద చూశాను. పాఠం బదులు జలపాతం దాచి, దాని మీద తెల్లగుడ్డ కప్పి, వస్తున్నది వస్తున్నది అని గీత గీసిన చేతిని మాత్రం ఇప్పటికీ ఊహించుకోలేను. వాడు కూడా పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకొని ఆ పనికి కూర్చొని ఉంటాడు.

"అయితె ఇది తెరుసుకోలేదు అనుడు..."

"తప్పు. మొదటి రోజు నుంచి తెరుసుకుంటనే ఉన్నది. దీంట్ల ఉన్నది గిదే." తెర ఆపింది. గుడ్డ తడిపి వేళ్లు తుడుచుకుంది. ఆ తుడుపు నా మీద కాదని తెలిసినా నేను లేచి నిలబడ్డాను.

మర్నాడు డ్రైవరు భార్యను షాపుకు తీసుకుపోయాను. జాకెట్ల కింద తల వంచి లోపలికి వచ్చింది. పంతులమ్మ స్టూలు మీద కూర్చోబెట్టి, నకలు నడిపించింది. గీత నిండింది. ఖాళీ అయింది. నిండింది. మూడోసారి కూడా నిండాక ఆ పిల్ల అడిగింది, "ఇంక అక్కా?"

"ఇంతే చెల్లె."

"గిది జూసే సంతకం వెట్టిండా?" అని నా వైపు తిరిగింది.

"మూడుసార్లు జూడుమన్న బిడ్డా. జూసిండు."

ఆమె తెర వైపు చూసింది. మొఖంలో ఏదో వదులైంది. "మూడుసార్లు జూసిండా? అయితె మంచిగనే జూసిండు. చెప్పింది చేసిండు."

అప్పుడు మాత్రం ఏడ్చింది. పంతులమ్మ తన చెంబు ఆమె చేతికిచ్చింది. ఆ చెంబుకే మూతి ఆనించి ఆ పిల్ల నీళ్లు తాగింది. నేను సగం నమ్మని విషయం ఒకటుండేదని చెప్పాను కదా, అది ఆ రోజు తీరింది.

కాగితంలో ఆ ఒక్క మాట కొట్టేయించాలని డ్రైవరు భార్య పట్టుబట్టింది. రేపు ఎవరైనా చదివితే మా ఆయన నిర్లక్ష్యం మనిషని ఉండకూడదు అంది. విచారణకు పైనుంచి ఒక అధికారి వస్తున్నాడని తెలిసింది. పంతులమ్మ వస్తానంది. నాకు మాత్రం ముందే చెప్పింది.

"ఫైలుల ఏమున్నదో నేను చెప్త కాకా. ఆ బెంచీల మీద ఏం జరిగిందో నేను చూడలే. మూడుసార్ల ముచ్చట నువ్వే చెప్పాలె. గది లేకుంటె నా కాగితాలు ఉత్త కాగితాలు."

"చెప్త బిడ్డా" అన్నాను. చెప్పాలనే అనుకున్నాను.

ముందురోజు మేనేజరు నన్ను పిలిచి కుర్చీ వేశాడు. అంతకు ముందు ఎప్పుడూ వేయలేదు. "మోకాళ్లు ఎట్లున్నయ్ కాకా? దవాఖానకు పోతున్నవా?" అన్నాడు. "ఈ మోకాళ్లతోని ఇంకెక్కడ కూసుండే పని దొరుకుతది నీకు?" అంతే అన్నాడు. బెదిరించాడని నేను ఎక్కడా రాయలేను. ఆరోగ్యం అడిగాడు.

విచారణ సైటు ఆఫీసులో జరిగింది. పంతులమ్మ నాలుగు కాగితాలు బల్ల మీద పెట్టింది. ఏ ముక్క ఏమిటో, ఏ ఆజ్ఞ ఏమిటో, డమ్మీ అన్న పేరు ఎక్కడుందో వరుసగా చెప్పింది.

"ఫైలు పనిచేసిందా లేదా? ఒక్క మాటలో చెప్పమ్మా" అన్నాడు అధికారి.

"పనిచేసింది సార్. దాంట్ల పాఠం లేదు."

"పాఠం లేకుంటే పనిచేయనట్టే గదా."

"కాదు సార్. పనిచేయంది చెడిపోయింది అంటరు. ఇది చెడిపోలే. గిట్లనే చేసిండ్రు."

మేనేజరు కల్పించుకున్నాడు. "ఆమెనే ఇప్పింది సార్. ఇప్పినంక పాడైంది."

ఆమె సంచిలో నుంచి అంటించిన కవరు తీసి వాడి ముందు పెట్టింది. "అసలు ఇది. అతుకు మీద కాక సంతకం ఉన్నది. నా చెయ్యి పడలే. మీరే చింపుండ్రి, మీ మిషన్లనే వెయ్యుండ్రి."

వేశారు. ఆ గదిలో అందరం గీత నిండడం చూశాం. అధికారి, మేనేజరు, గుమస్తా, డ్రైవరు భార్య, పంతులమ్మ, నేను. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు. ఇక చెప్పేది ఏముంది, అయిపోయింది అనుకున్నాను. అప్పుడు అధికారి నా వైపు తిరిగాడు.

"పెద్దమనిషీ, పాఠాలు చూపించేది నువ్వే గదా. ఏమైంది?"

నా నోట్లో రెండు జవాబులు ఉన్నాయి. మూడుసార్లు నిండితే పాఠం అయినట్టని నాకు చెప్పారు, నేను వాళ్లకు చెప్పాను, వాళ్లు నా మాట నమ్మి సంతకాలు పెట్టారు. అది ఒకటి. మేనేజరు నా మోకాళ్ల వైపు చూస్తున్నాడు. నేను రెండోది చెప్పాను.

"తెరుసుకోలే సారూ."

పంతులమ్మ నా వైపు చూడటం నాకు పక్క నుంచి తెలిసింది.

"తెరుచుకోలేదని డ్రైవర్లకు తెలుసా?"

"కనవడుతనే ఉన్నది గద సారూ."

"తెలిసీ చూసినట్టు సంతకం పెట్టారన్నమాట." గుమస్తాకు చెప్పి రాయించాడు. సాంకేతిక కారణాల వల్ల పాఠం తెరుచుకోనప్పటికీ, చూసినట్లు సంతకం చేయడం కార్మికుని నిర్లక్ష్యం. పంతులమ్మ కాగితాలు నాలుగూ దానికి జత చేశారు. జత చేయడం అంటే ఏమిటో ఆఫీసులు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పాతిపెట్టడానికి ముందు గుడ్డ చుట్టడం.

బయట గేటు దగ్గర తాగే నీళ్ల డ్రమ్ము ఉంది. పంతులమ్మ, డ్రైవరు భార్య అక్కడ ఆటో కోసం నిలబడ్డారు. నేను దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో తెలియదు.

డ్రైవరు భార్య అడిగింది, "కాకా, పాఠం గిట్లనే ఉంటదని మావోనికి నువ్వు చెప్పినవా లేదా?"

"చెప్పిన బిడ్డా."

"మరి లోపట ఎందుకు చెప్పలే?"

పంతులమ్మ డ్రమ్ము నల్లా తిప్పి చీర కొంగు తడిపింది. నన్ను చూస్తూ వేళ్లు తుడుచుకుంది. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా, తొందర లేకుండా. నేను లేచి పోవడానికి కూర్చొని లేను. అయినా పోయాను.

ఆ తర్వాత కూడా అదే షెడ్డులో పనిచేశాను. అది కూడా రాయాలి. మోకాళ్లు పూర్తిగా పట్టేసేదాకా, అదే గీత మూడుసార్లు నిండనిచ్చి, అదే రిజిస్టరులో కొత్త సంతకాలు పెట్టించాను. కాంట్రాక్టరును చూస్తే నాకు అసహ్యం అంటాను. పట్నంలో జలపాతం దాచినవాణ్ని తలచుకుంటే అసహ్యం అంటాను. వాళ్లు ఒక్కసారి చేసిన పనిని నేను దినాం చేశాను. మళ్లీ ఆ సందులోకి పోలేదు. జిరాక్స్ కావాలంటే పెద్దపల్లి పోయేవాణ్ని.

నిన్న ఆ సందులోకి పోయాను. టైలరు ఉన్నాడు, కళ్లద్దాలు వచ్చాయి. వెనక గదిలో ఫోన్లు రీచార్జి చేసే దుకాణం. బోర్డు మీద ఓనరు పేరు అడుగు ఎత్తున ఉంది. "పంతులమ్మ నీ గురించి ఒక్కసారి అడిగింది కాకా" అన్నాడు టైలరు. ఏమని అడిగిందని అడిగాను. "కాక ఇంక తెరుసుకోలేదనే అంటున్నడా అని."

నాకు ఫైళ్లు విప్పడం రాదు. నాకు వచ్చింది అక్షరాలు రాయడమే. కాబట్టి రాస్తున్నాను. ఆ ఫైలు తెరుచుకుంది. మొదటి రోజు నుంచి తెరుచుకుంటూనే ఉంది. అందులో పాఠం లేదని ఆమె కనుక్కొని చెప్పింది. లేని పాఠాన్ని ఉందని చెప్పి ఆ డ్రైవరుకు మూడుసార్లు చూపించింది నేను. అతను బెంచీ మీద నిటారుగా కూర్చొని, వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ చూశాడు. నిర్లక్ష్యం అతనిది కాదు.

ఈ కాగితాలకు ఒక నకలు తీస్తాను. నకలు పత్రికకు, వేసుకుంటే వేసుకుంటారు. అసలును కవరులో పెట్టి, గోందుతో అంటించి, కమాన్‌పూర్ బస్సెక్కి ఆ డ్రైవరు భార్యకు ఇచ్చి వస్తాను. అతుకు మీద సంతకం పెడతాను. ఈసారి చూసినదానికే పెడుతున్నాను.